ఎల్ఫీ పాష్కె సొంత సినిమా

నలభై రెండేళ్లు వచ్చేవరకు ఎల్ఫీ పాష్కె ముఖం ఏ సినిమాలోనూ కనిపించలేదు. గొంతు మాత్రం బెర్లిన్‌లో పాలు పోసేవాడికి కూడా తెలుసు. హాలీవుడ్ తార లొరెయిన్ డేల్ తెర మీద నోరు తెరిస్తే జర్మన్‌లో పలికేది ఎల్ఫీయే. ముప్పై ఒక్క సినిమాలు అలా గడిచాయి. చీకటి స్టూడియోలో నిలబడి, అర నిమిషం సినిమా ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, ఆ పెదాలకు అతికినట్టు మాట కలపడం ఆమె పని. తెర మీది మనిషి ఎక్కడ ఊపిరి తీస్తుందో కూడా ఇట్టే పట్టేసేది.

అంతకుముందు పదకొండేళ్లు హార్జ్ కొండల దగ్గర ఓ చిన్న ఊరి నాటకశాలలో పనిచేసింది. రాణి, దాసి, గయ్యాళి అత్త, ఏదిస్తే అది వేసింది. లాండ్రీలో ఇస్త్రీ చేసే తల్లి ఓటిలీ ప్రతి కొత్త నాటకానికీ రైలెక్కి వచ్చి ముందు వరసలో కూర్చునేది. తర్వాత నీటికాసుల జబ్బుతో ఓటిలీకి రెండు కళ్లూ పోయాయి. ఆ ఏడాదే మేనేజరుకు పాతికేళ్ల పిల్ల దొరికింది, ఎల్ఫీకి ఉద్వాసన చెప్పాడు. తల్లీకూతుళ్లు బెర్లిన్ చేరి, వెడ్డింగ్ పేటలో ఒకే గదిలో సర్దుకున్నారు.

మాంసం కొట్టు క్రుమ్‌నోవ్ అమ్మకు ఎల్ఫీ కనిపిస్తే పండగే.

"పాష్కె గారూ, మీకు పుణ్యముంటుంది, ఆ 'నన్ను వదిలి పోకు ఎడ్వర్డ్' ఒక్కసారి అనండి. సాసేజ్ ఓ ముక్క ఎక్కువేస్తా."

"మా ఇంట్లో ఎడ్వర్డ్ ఎవడూ లేడమ్మా. ఉన్నా పొమ్మనేదాన్ని."

కొట్లో అందరూ నవ్వేవాళ్లు. ఓటిలీకి మాత్రం ఒళ్లు మండేది. "ఆ అమెరికా ఆవిడ ఏడుపులన్నీ నీచేత ఏడిపించారు. నీ ఏడుపు నువ్వే ఏడుస్తుంటే సినిమాలో ఒక్కసారి వినాలే. ఆ తర్వాత నేనేమైపోయినా ఫరవాలేదు," అనేది.

1962 వసంతంలో ఆ రోజు వచ్చినట్టే వచ్చింది. స్టెన్జెల్ అనే దర్శకుడు తన సినిమాలో ముఖ్య పాత్ర ఎల్ఫీకే ఇచ్చాడు. హావెల్ నది మీద జనాన్ని పడవలో దాటించే విధవరాలి పాత్ర అది. ఆరు వారాలు నది మీదే షూటింగ్. గాలి హోరు ఎక్కువని మాటలు తర్వాత స్టూడియోలో రికార్డు చేశారు. ఓటిలీ మెట్ల మీద ఎదురైన వాళ్లందరికీ చెప్పుకుంది. ఆరో అంతస్తు చెవిటాయనకు రెండుసార్లు చెప్పింది.

సినిమా పూర్తయ్యాక పంపిణీదారు కొంతమందిని పిలిచి వేసి చూపించాడు. ఎల్ఫీ తెర మీద నోరు తెరవగానే హాలంతా ఘొల్లుమంది. "లొరెయిన్ డేల్ తలగుడ్డ కట్టి తెడ్డు వేస్తోందిరోయ్!" అని ఎవడో అరిచాడు.

మర్నాడు స్టెన్జెల్ ఆమెను క్యాంటీన్‌కు పిలిచాడు. "నన్ను తిట్టుకో ఎల్ఫీ. వేరే గొంతు పెడతారట."

"నా ముఖానికా?"

"నీ ముఖానికే. నీ గొంతు వింటే జనానికి ఆవిడే కనిపిస్తోంది."

"మా అమ్మకి కనిపించదయ్యా. వినిపిస్తుందంతే. ఈ సినిమాలో ఆవిడకి నేనంటే నా గొంతే. అది తీసేస్తే ఇంకేం మిగిలింది?"

ఒప్పందంలో పంపిణీదారులకు ఆ హక్కు ఉంది. పోనీ వాళ్లను తిడదామన్నా ఎల్ఫీకి నోరు రాలేదు. ఒకటి రెండుసార్లు ఇక్కడి కొత్త నటీమణుల ముఖాలకు తనే గొంతు అరువిచ్చింది, వాళ్ల పేర్లయినా అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

తల్లికి ఆ సంగతి చెప్పలేకపోయింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే సినిమా వచ్చేసింది. ఆదివారం మధ్యాహ్నం ఓటిలీ మంచి కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది.

హాల్లో దీపాలు ఆరాయి. పడవ వచ్చింది, తెర నిండా ఎల్ఫీ ముఖం వచ్చింది, ఎవరో పరాయి పిల్ల గొంతు పలికింది. ఓటిలీ మెడ చాచి వింటోంది. పది నిమిషాలు ఓపికపట్టి కూతురి వైపు వంగింది.

"ఇంకా నువ్వు రాలేదేం?"

ఎల్ఫీకి అబద్ధమాడటానికి మనసొప్పలేదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు. తల్లి చెవి దగ్గర నోరు పెట్టి తన మాటలు తనే చెప్పడం మొదలుపెట్టింది. తెర మీద తన పెదాలు కదలడంతోనే ఇక్కడ మాట, అక్కడ ఊపిరి తీస్తే ఇక్కడా ఊపిరి. ఒక్క అక్షరం తప్పిపోలేదు. ఓటిలీ ముఖం విప్పారింది. "ఆ, ఇదిగో! ఇదీ నువ్వు!" అంది పైకే.

ముందు వరసలో ఒకావిడ విసురుగా వెనక్కి తిరిగింది. "ఏమ్మా, లొరెయిన్ డేల్‌ని అనుకరించడానికి ఇదే దొరికిందా చోటు? మమ్మల్ని సినిమా చూడనివ్వరా?" అంటూ ఎల్ఫీ ముఖంలోకే నేరుగా చూసింది. మళ్లీ తెర వైపు తిరిగి, అక్కడున్న అదే ముఖాన్ని చూస్తూ, "పాపం, ఎంత బాగా చేస్తోందో," అని కళ్లు ఒత్తుకుంది.

ఎల్ఫీ నోరు మూసుకుంది. తెర మీద పడవ నడిపే విధవరాలు బావురుమంది. ఆ ఏడుపును ఓటిలీ చివరిదాకా విన్నది. అంతా అర్థమైంది. చేత్తో తడుముకుంటూ కూతురి మణికట్టు పట్టుకుంది.

"లే, పోదాం పద. ఇందులో నువ్వు లేవు."