ఊ కొడితే ఆగిపోయిన రచయిత్రి

ఆ అమెరికా నవలా రచయిత్రి గొప్పదని పత్రికలు రాస్తే నేను నమ్మలేదు. పత్రికలు ఎవరినైనా గొప్పవాళ్ళను చేస్తాయి. ఆమెను ఎరుగుదునని నేను గర్వపడేది మలేసియాలో సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు తోటలో గడిచిన ఒక సాయంత్రం వల్ల.

తోటలోని తెలుగు కూలీల కథలు వినాలని వచ్చింది. బడి పంతులమ్మను కాబట్టి నేనే దుబాసీని. "ఈవిడ కథలు రాసి బతుకుతారు" అని చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళతో అన్నాను.

"అయితే ముందు ఆయమ్మనే సెప్పమను లా, పంతులమ్మా," అంది ఒక ముసలామె, మలయ్ వాళ్ళ మాదిరి మాట చివర "లా" తగిలిస్తూ.

రచయిత్రి కోపగించుకోలేదు. నిలబడి తన బతుకే చెప్పసాగింది. నేను తెలుగు చేసిన ప్రతి మాటకూ వీళ్ళు ఊ కొట్టారు. ఎవరో అడ్డొస్తున్నారనుకుని ఆమె ప్రతిసారీ ఆగి మెడ చాచేది.

"వింటున్నామని దానర్థం. కానివ్వండి," అన్నాను.

తొలి నవలలో తనను గుర్తుపట్టి తండ్రి ఆమెతో మాట్లాడటం మానేశాడట. అక్కడ ఊ కొట్టడం ఆగిపోయింది.

"మరి రాయడం మానీసినాదా?" అంది ముసలామె.

"లేదు. ఆయన పోయేదాకా నాతో మాట్లాడలేదు. నేను రాస్తూనే ఉన్నాను."

నేనేమీ మెత్తబరచకుండా చెప్పాను. ముసలామె చాప మీద జరిగి చోటిచ్చింది.

"నిజమే సెప్తంది. కూకోమను. మా అయ్య సంగతి సెప్తాను."