ఏడు మెట్ల చెయ్యి

నా చిన్నప్పుడు హఫీజ్‌పేట్ అంటే రైలు స్టేషను, బండరాళ్ళు, నాలుగు వీధులు, మా చర్చి. చర్చిలో ఎవరో దొరలు వదిలివెళ్ళిన పాత పియానో ఉండేది. దాన్ని వాయించే టీచరమ్మ గుంటూరు వైపు మనిషి. చర్చి ఇచ్చిన గదిలో ముసలి తల్లితో ఉండేది. తెలంగాణ కావాలని గొడవలు లేచి బడులు మూసేసిన ఏడు, ఊరికే తిరుగుతున్నామని నాకూ, స్టేషను మాస్టరు గారి అమ్మాయికీ పియానో నేర్పింది. నాకు పదేళ్ళు, ఆ అమ్మాయికి పద్నాలుగు. వాళ్ళదీ ఆంధ్రానే.

ఈస్టరుకు ఇద్దరం చెరొక పాట వాయించాలి. ఆ అమ్మాయికి వేళ్ళు పరుగులు తీసే పెద్దది ఇచ్చింది. నాకూ అదే కావాలని పేచీ పెట్టాను. టీచరమ్మ నా చేతిని పియానో మీద పరిచి, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా మెట్లు లెక్కపెట్టింది. ఏడు. దానికి ఎనిమిది అందాలి.

"నీ చెయ్యి పెరగనివ్వమ్మా, అప్పుడు అదీ నేర్పుతాను. ఇది చూడు, వినేవాళ్ళకి గొప్పగా ఉంటుంది, నీకు నొప్పి పుట్టదు," అని ఇంకొకటి తీసింది. ఎడమచేత్తో మూడే మెట్లు మళ్ళీ మళ్ళీ నొక్కాలి, కుడిచేత్తో నిదానంగా రాగం. కింద పెడల్ తొక్కితే చర్చంతా నిండిపోయేది. వారంలో వచ్చేసింది. అంత సులువుగా రావడమే నాకు తలవంపులైంది. ఎంత పొగరో నాకు.

మా చిన్నాయన ఉద్యమంలో తిరిగేవాడు. తనకు రావలసిన నౌకరీ ఆంధ్రా అతనికి పోయిందని రోజూ మండిపడేవాడు. ఆ మాటలు విని విని, ఒకనాడు ఏడుస్తూ ఇంటికి పోయి, "మనకు చేతకాదని నాకు అల్కటి పాట ఇచ్చింది," అన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక చిన్నాయన అందరి ముందు ఆమెను నిలదీశాడు. "మా పిల్లలకు చేతకాదన్నవా?"

"నేను అలా అనలేదండి," అని ఆమె నా వైపు చూసింది.

"చెప్పు బిడ్డా, అన్నదా లేదా?"

అనలేదు. అయినా తల ఊపాను.

ఆమె పియానో మూత వేసి, తాళంచెవి పాస్టరు గారి చేతిలో పెట్టింది. ఆ వారమే తల్లిని పట్టుకుని గుంటూరు వైపు రైలెక్కింది. అక్కడ బతుకుతెరువు ఏం దొరికిందో నాకు తెలియదు.

మరుసటి ఏడు, తాళం వేసిన మూత మీదనే చెయ్యి చాచి కొలుచుకున్నాను. ఎనిమిది మెట్లంత అందింది. నేర్పేవాళ్ళే లేరు.

ఇప్పుడు గచ్చిబౌలి ఫ్లాట్‌లో మనవరాలి కీబోర్డు మీద నేను వాయించేది ఆ మూడు మెట్ల పాట ఒక్కటే. "నానమ్మా, నీకు ఇంత పెద్దది వచ్చా?" అంటుంది పిల్ల. టీచరమ్మ చెప్పింది నిజమే, వినేవాళ్ళకు గొప్పగానే ఉంటుంది. చిన్నాయన చనిపోయేదాకా ఆమె ఆ మాట అన్నదనే నమ్మాడు. కాదని చెప్పడానికి నాకు నలభై ఏళ్ళ వ్యవధి ఉండింది. చెప్పలేదు.