ఎస్తేరు అత్తయ్య బడి

మా ముత్తాత సుబ్బరాయుడుగారు గోదావరి పాయల మధ్య మూడు లంకలకు శిస్తు వసూలు చేసిన మనిషి. మా తాత సూర్యనారాయణగారి ఎదుట కుర్చీలో కూర్చునే హక్కు ఊళ్లో నలుగురికే ఉండేది. మా నాన్నగారు కువైట్‌లో, షుఐబా రేవు దగ్గరి ఒక కర్మాగారంలో, అడిగినవాళ్లకు మేకులూ బోల్టులూ అందించే స్టోర్ కీపరు. ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం ఆఫీసరు.

నిన్న మా అమ్మాయి బడి పని కోసం తడి దూదిలో శనగలు మొలకెత్తించింది. మూత తీయగానే వచ్చిన పచ్చి వాసన, పులిసీ పులియని వాసన, నన్ను కువైట్‌లో, అర్దియాలో ఒకప్పుడు మేమున్న భవనం కింది అంతస్తులోని కిటికీ లేని గదికి తీసుకుపోయింది.

ఇరాకీ సైన్యం వచ్చిన 1990 ఆగస్టు అది. నాకు అయిదేళ్లు. వీధిలో కాలిన టైర్ల కంపు, పై అంతస్తులో మా గదిలో ఆగి ఆగి మూలిగే ఏసీ, దుప్పటి కప్పిన కిటికీలు, రేడియో చుట్టూ మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్న మగవాళ్లు, తెల్లవారక ముందే రొట్టెల వరసలో నిలబడడానికి వెళ్లి మధ్యాహ్నానికి ఎర్రబడ్డ ముఖాలతో తిరిగివచ్చే అమ్మలు. వినాయక చవితికి అమ్మ మిగిలిన బియ్యపు రవ్వతో ఇంటికి ఒక్కటి చొప్పున ఉండ్రాళ్లు చేసి, మెట్ల మీద అడుగు చప్పుడు కాకుండా పంచివచ్చింది.

అమ్మలు వరసలో ఉన్నంతసేపు మా అయిదుగురు పిల్లలనూ చూసింది ఎస్తేరు. గుంటూరు వైపు మనిషి. ఒక కువైటీ ఇంట్లో పిల్లల ఆయా. ఆ ఇంటి యజమానురాలు, ఎస్తేరు వీసాకు పూచీపడ్డ కఫీల్ అయిన ఆవిడ భర్త, పిల్లలు సరిహద్దు దాటి వెళ్లిపోతూ ఆమెను వదిలేశారు. ఆమె పాస్‌పోర్టు వాళ్ల బీరువాలోనే ఉండిపోయింది. మా భవనంలోని నర్సుగారు ఆమెను చేరదీశారు.

ఎస్తేరు ఆ గదిలో బడి పెట్టింది. మొదటి రోజు తలుపు మూసి దీపం ఆర్పింది. "ఇది చీకటి," అంది. స్విచ్చి వేసింది. "ఇది వెలుగు. దేవుడు ముందుగాల ఈ రెంటినీ విడదీశాడు. ఇయ్యాల్టికి పాఠం ఇంతే."

"ఇంతేనా?" అన్నాడు నర్సుగారబ్బాయి.

"నీకు ఇదే ఎక్కువ, కూర్చో."

రెండోరోజు పళ్లెంలో నీళ్లు, పైన ఆవిరి. మూడోరోజు దూదిలో శనగలు. ఆ తర్వాత బిస్కెట్ డబ్బా మూతలతో సూర్యుడూ చంద్రుడూ. అయిదోరోజు చేపలు. ఆరోజే భవనం సోదాకు సైనికులు వచ్చారు. మెట్ల మీద బూట్లు వినపడగానే ఆమె పెదవుల మీద వేలుంచి, "చేపలకు గొంతుండదు," అని గుసగుసగా చెప్పింది. అయిదుగురం నేల మీద పడుకుని, బుగ్గలు ఉబ్బించి, చేతులు మెల్లగా ఆడిస్తూ, ఆ బూట్లు దిగిపోయేదాకా చేపలుగానే ఉన్నాం.

"మరి సైనికుల్ని ఏ రోజు చేశాడు?" అన్నాడా అబ్బాయి మర్నాడు.

"ఆళ్లనీ ఆరో రోజే. పొద్దుగూకే ముందు, తొందర్లో."

ఆ శుక్రవారం పొద్దువాలే వేళ ఆమె గిన్నెలో రెండు కొవ్వొత్తి ముక్కలు వెలిగించి, కొంగు తలమీదికి లాక్కుని, అరచేతులతో కళ్లు మూసుకుని, మాకు తెలియని మాటలేవో లోపల్లోపల చెప్పుకుంది. రుమాలు కింద దాచిన రొట్టె తీసి, తుంచి, ఉప్పద్ది తలా ఒక ముక్క పెట్టింది.

"మీరు కిరస్తానీలు కదా?" అన్నాను.

"కాదమ్మా. మేం యూదులం. మా ఊళ్లో పది గడపలం. శనివారం పొయ్యి ముట్టియ్యం."

కొత్త మాట నేర్చుకున్న గర్వంతో దాన్ని అన్నం దగ్గర చెప్పాను. నాన్నగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అమ్మ లేచి తలుపు గడియ చూసివచ్చింది.

"ఆ మాట ఈ సైనికులెవరైనా విన్నారంటే ఆవిడ మనకు దక్కదు," అన్నారు నాన్నగారు.

అప్పటినుంచి ఆ మాట నా నోట్లోనే కాపురం పెట్టింది. తుమ్మితే ఊడిపడుతుందేమోనని ముక్కు గట్టిగా పట్టుకునేదాన్ని. పళ్లు బిగించి నిద్రపోయేదాన్ని. ఎవరైనా పేరడిగితే చాలు, పేరుకు ముందు అదే వచ్చేసేలా ఉండేది.

ఇరాక్‌లోని బస్రా మీదుగా దేశం దాటించే బస్సులో మాకు చోటు దొరికింది. కాగితాలు లేని ఒంటరి ఆడమనిషిని దారిలో దింపేస్తున్నారని విని నాన్నగారు, ఆమె తన చెల్లెలని చెబుదామన్నారు.

"ఆవిడ పేట మనిషండి," అంది అమ్మ మెల్లిగా. మా ఊళ్లో దళితపేటవాళ్లు మా గేటు దాటి లోపలికి వచ్చేవారు కాదు. "మీ అమ్మగారు వింటే?"

"వినడానికి ఆవిడ ఇక్కడ లేదు."

రెండు రోజులు నాకు ఒకటే పాఠం. ఈవిడెవరు? అత్తయ్య. అరబ్బీలో? అమ్మతీ. ఎస్తేరుకు కూడా పాఠమే. అమ్మను వదినా అని పిలవమంటే, "నా నోరు తిరగట్లేదు అమ్మగారా," అని సిగ్గుతో నవ్వేసేది.

సరిహద్దుకు ముందు బస్సు ఆపారు. ఒక సైనికుడు ఎక్కి ఒక్కొక్కరి కాగితాలు చూస్తూ మా సీటు దగ్గర నిలబడ్డాడు. చెమటతో అతని మీసం తడిసివుంది. ఈవిడెవరని అడిగాడు. "ఉఖ్తీ," అన్నారు నాన్నగారు, నా చెల్లెలని. అతను నమ్మలేదో ఏమో, వంగి నన్ను అడిగాడు. ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది. నోరు మూసుకుని బుగ్గలు ఉబ్బించాను.

"అమ్మతీ," అన్నాను.

అతను నా బుగ్గ తట్టి వెనక సీటుకు వెళ్లాడు. బస్సు కదిలింది. ఎస్తేరే ముందు నోరు విప్పింది. "వదినా, మంచినీళ్లు కాసిని," అంది.

ఎడారిలో గుడారాలు, అక్కడ మన ఎంబసీవాళ్లు ఎస్తేరుకు పాస్‌పోర్టు బదులు రాసిచ్చిన కాగితం, బొంబాయి విమానం, రెండు రైళ్లు దాటి మా ఊరు చేరేసరికి ఆ పిలుపు ఆమెకు అలవాటైపోయింది. గుంటూరు వెళ్లేముందు నన్ను దిగబెట్టి వెళ్తానని నా సంచి మోసుకుంటూ మాతో వచ్చింది. మామ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని వాకిలి మెట్ల పైన నిలబడివుంది.

"ఎవర్రా ఈవిడ?" అంది.

నాన్నగారు పెట్టె తాడు ముడి విప్పుతూ ఉండిపోయారు. నాకు భయం వేసింది. మళ్లీ బస్సు ఆపినట్టే అనిపించింది. నాన్నగారు మరచిపోయారేమోనని గట్టిగా చెప్పాను: "అత్తయ్య."

"పసిపిల్ల," అన్నారు నాన్నగారు, తలెత్తకుండా. "దారిలో ఆయాగా వచ్చింది. అలవాటైపోయింది."

ఎస్తేరు నా సంచి కింది మెట్టు మీద పెట్టింది. "వెళ్లొస్తాను అమ్మగారా," అని అమ్మతో చెప్పి, బస్సు ఆగే చోటికి నడిచి వెళ్లిపోయింది. ఆరోజు నాన్నగారు భోజనం చేయలేదు. కానీ ఆమె ఊరేదో కనుక్కోనూ లేదు. ఇప్పుడు కనుక్కుందామంటే చెప్పేవాళ్లు లేరు. ఆయనా లేరు, అమ్మా లేదు.

పోయిన వేసవిలో ఆ ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్లకు స్థలమే కావాలి. వాకిలి రాతిమెట్లు మూడూ పెకలించి, కాకినాడ దారిలో లాడ్జి కడుతున్నవాళ్లకు విడిగా అమ్మాం.