మామగారి పాత రివాల్వర్‌కు నేను పెట్టిన పరీక్ష

పెళ్లయిన పదకొండో రోజున, ఒక్క తూటా కూడా పేల్చకుండా, పిల్లనిచ్చిన మామగారి రివాల్వర్‌ను పాడుచేసిన ఘనుణ్ణి నేను. అంతటితో ఆగినా బాగుండేది. ఆ నేరం ఇంకొకరి నెత్తిన పడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను చూడండి, అది చెప్పడానికే ఇప్పటికీ మొహం చెల్లదు.

అత్తగారి ఊరు వజ్రకరూరు దగ్గర. మామ ఓబులేసు వేరుశనగ రైతు. వాళ్ల నాయన ఎప్పుడో కొన్న పాయింట్ టూ టూ రివాల్వర్ లైసెన్సుతో సహా ఆయనకు వచ్చింది. ఆయన తమ్ముడు నాగరాజు, అంటే మా చిన్నమామ, ఈమధ్యే అదే సైజుది కొత్తది కొన్నాడు. ఎన్నికలని స్టేషన్లో అప్పజెప్పిన ఆ రెండూ ఇంటికి తిరిగొచ్చిన రోజే కొత్త అల్లుడు కూడా దిగాడు.

వసారాలో మంచం మీద తువ్వాలు పరిచి రెండింటినీ పక్కపక్కన పెట్టారు.

"ఏమప్పా అల్లుడూ, కాలేజీలో ఎన్‌సీసీ చేసినావంట గదా. చెప్పు, పాతది మేలా, కొత్తది మేలా?" అన్నాడు మామ.

ఎన్‌సీసీలో నేను కాల్చింది మొత్తం పది తూటాలు. వాటిలో మూడు పక్కవాడి గురి అట్టకు తగిలాయి. ఆ మాట చెప్పేసి ఉంటే పరువు దక్కేది. నేను మాత్రం గొంతు సవరించుకున్నాను.

"పాతదాని బరువు చూడు మామా. గట్టి ఉక్కు! ఈ నునుపు, ఈ మెరుపు ఇప్పుడు యాడొస్తాయి?"

"మరి నాది?" అన్నాడు చిన్నమామ.

"రేకు డబ్బా, చిన్నమామా."

మామ మీసం దువ్వుకున్నాడు. చిన్నమామ మొహం మాడ్చుకుని లేచి వెళ్లిపోయాడు. ఇంతలో ఎవరో పిలిస్తే మామ కూడా వీధిలోకి వెళ్లాడు. రెండు రివాల్వర్లతో నేనొక్కణ్ణే మిగిలాను.

లోపల తూటాలు లేవని రెండుసార్లు చూశాను. నేను చేసిన తెలివైన పని అదొక్కటే. తర్వాత గోడవైపు తిప్పి, నాడి చూసే వైద్యుడిలా చెవి ఒగ్గి, ట్రిగ్గర్లు నొక్కడం మొదలుపెట్టాను. కొత్తది బిగుసుకుపోయిన తలుపు గడియలా మొరాయించింది. పాతది మాత్రం, అబ్బ! మెటికలు విరిచినంత హాయి. మీరైనా ఆగేవారు కాదు. టిక్, టిక్, టిక్...

మర్నాడు తెల్లవారుతుండగా చిన్నమామ కేక పెట్టాడు. "అన్నా! చేన్లో అడవిపందులు పడినాయి!"

అందరం పరుగెత్తాం. బెదరగొడదామని మామ పాత రివాల్వర్‌ను ఆకాశం వైపు ఎత్తి నొక్కాడు. టక్. మళ్లీ నొక్కాడు. టక్. ఆరు తూటాలూ అంతే. పందులు తలెత్తి చూసి, ఈ మనుషులతో మనకెందుకన్నట్టు మళ్లీ వేరుశనగ పనిలో పడ్డాయి. చివరికి చిన్నమామ తన 'రేకు డబ్బా' పేలిస్తేగానీ అవి కదల్లేదు. అప్పటికే రెండు సాళ్లు ఖాళీ.

మామ తమ్ముడి మీదికి తిరిగాడు. "నువ్వేరా చెడగొట్టినావు! నీదాన్ని రేకు డబ్బా అన్నాడని నా మింద కడుపుమంట!"

"నాయన చేతి వస్తువన్నా అది. నేను చెడగొడతానా?" అన్నాడు చిన్నమామ.

ముందురోజు టిక్ టిక్‌లు నాకు గుర్తొచ్చాయి. అయినా ఆ పొద్దున అత్తగారు వడ్డించిన ఓళిగలు మూడూ తిన్నాను. చిన్నమామ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

"అనంతపురం పోదాం పా. తప్పు నాదని తేలితే ఈ ఇంటి గడప తొక్కను" అన్నాడాయన. ముగ్గురం సర్వీసు జీపెక్కాం. దారి పొడుగునా అన్నదమ్ములు చెరో కిటికీలోంచి బయటికి చూశారు. మధ్యలో నేను.

తుపాకులు బాగుచేసే మస్తాన్ సాబు భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"వట్టిదాన్ని నొక్కినారన్నా ఎవురో. ఈ చిన్న తూటాలకు మందు అడుగు అంచులో ఉంటాది. సూది ఆ అంచును కొట్టాల. తూటా లేకుండా నొక్కితే పోయి ఉక్కును కొడతాది. సూది మొన చితికిపోయిండాది, తూటా గూడు అంచు సొట్టబోయిండాది."

"నాదాన్ని గూడా చూడు సాబూ" అని చిన్నమామ కొత్తది ముందుకు తోశాడు.

"దీన్ని నొక్కినా ఏం గాదు. సూది ఉక్కును తగలకుండా ముందే ఆగేట్టు చేసినారు. పాతది పనితనంలో మేలు, ఇది బుద్ధిలో మేలు."

"ఎన్నిసార్లు నొక్కింటారు?" మామ పళ్లు కొరుకుతూ అడిగాడు, కళ్లు తమ్ముడి మీదే.

"ఈ దెబ్బ చూస్తే రెండు నూర్లకు తక్కువుండదు."

"అన్యాయం సాబూ! నూటాముప్పైకి ఒకటి గూడా ఎక్కువ గాదు!" అన్నాను నేను.

అన్నాక వినిపించింది, నేనేమన్నానో.

ముగ్గురూ నావైపు తిరిగారు. మామ ఒక్క తిట్టూ తిట్టలేదు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "పా నాగరాజూ, పొద్దున్నుంచి ఏమీ తినలేదు నువ్వు" అంటూ బయటికి నడిపించుకుపోయాడు. గుమ్మం దగ్గర చిన్నమామ ఆగి, "చిన్నపిల్లోడు, తిట్టొద్దులేన్నా" అన్నాడు. ఆ మాట బదులు చెంప పగలగొట్టినా సుఖంగా ఉండేది. లేచి వాళ్ల వెనక వెళ్లబోయాను.

"కూర్చోప్పా" అన్నాడు మస్తాన్ సాబు. "దేన్నీ ముట్టుకోవద్దు."

కనుక అష్టదిక్పాలకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నిండుదైనా వట్టిదైనా ఇంకొకరి తుపాకీ మీద వేలు వేయను. నా తప్పుకు ఇంకొకరు మాట పడుతుంటే, ఆ క్షణమే లేచి నిలబడి, లెక్కతో సహా ఒప్పుకుంటాను.