నేను వెళ్లని ఆటలో నా గొంతు

ఆబిడ్స్‌లో కొన్న గొడుగు ఏదైనా సరే, నాంపల్లి చేరేలోపు ఒక పుల్ల ఊడిపోతుంది. ఇన్నేళ్లుగా కొంటున్నాను, ఒక్కటీ నా నమ్మకం నిలబెట్టలేదు. దయ్యాలతో ఆ బాధ లేదు. వాటి మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. కాలేజీలో తర్కశాస్త్రం చదివినవాణ్ణి. ఎవరైనా దయ్యాన్ని చూశానంటే, ఆ పూట ఏం తాగారని ముందు అడిగేవాణ్ణి.

పంతొమ్మిదివందల ముప్పైల్లో నాంపల్లి స్టేషను దగ్గర ఒక సినిమా హాల్లో పనిచేశాను. మాటల చిత్రాలు అప్పటికే వచ్చేశాయి. అయినా మధ్యాహ్నం ఆటకు మా హాల్లో పాత మూగ చిత్రాలూ, జనానికి అర్థం కాని ఇంగ్లీషు చిత్రాలూ వేసేవారు. తెర పక్కన బల్ల మీద నిలబడి, భోంగా అనే రేకు గొట్టం నోటికి పెట్టుకుని, కథను తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పడం నా పని. బి.ఏ. చదివింది ఇందుకా అని మా నాన్న అడిగాడు. ఇందుకే అని తేలింది.

ఆ చిత్రాల్లో అక్కడక్కడ ఒక మగవాడు ఇంకొక మగవాణ్ణి ప్రేమించేవాడు. చిత్రం ఆ మాట పైకి అనేది కాదు. చూసే కళ్లకు తెలిసేది. నా కళ్లకు వెంటనే తెలిసేది. జనానికి తెలియకుండా నేను సర్దేవాణ్ణి. యుద్ధం చిత్రంలో చచ్చిపోతున్న సిపాయిని ఇంకో సిపాయి ముద్దుపెట్టుకుంటే, ఒక తల్లి పిల్లలన్నాను. నవ్వుల చిత్రంలో గౌను తొడుక్కున్న మగవాడి వెంట ఒకడు పడితే, బావను ఆటపట్టిస్తున్నాడన్నాను. జైలు చిత్రంలో గురుశిష్యులన్నాను. ఆ తెల్లవాళ్లకు నేను కలిపినన్ని చుట్టరికాలు ఏ పెళ్లిళ్ల పేరయ్యా కలిపి ఉండడు.

నేనుండే కిరాయి గదిలో నాతోపాటు నర్సింహ ఉండేవాడు. రైల్వే ఆఫీసులో గుమాస్తా, భువనగిరి వైపు పల్లె. గౌలిగూడలో పెళ్లికాని మగవాళ్లకు గది కిరాయికి ఇచ్చేవారు కాదు. అందుకని ఇంటావిడ రుక్కమ్మకు అన్నదమ్ములమని చెప్పాం. నాలుగేళ్లు అలాగే గడిచాయి. ఆ వేసవిలో నర్సింహకు పెళ్లి కుదిరింది. శనివారం అతను ఊరికి వెళ్లాలి. నాకు చాలా సంతోషంగా ఉందని అందరికీ చెప్పాను.

ఆ వారం ఒక పాత మూగ చిత్రం ఆడుతోంది. సముద్రం ఒడ్డున పడవలోనే కాపురముండే ఇద్దరు మగవాళ్లు. ఒకడికి పెళ్లవుతుంది. రెండోవాడు అతని పెట్టె సర్దుతూ సర్దుతూ ఆగి, సముద్రం వైపు తిరుగుతాడు. తమ్ముడి పెళ్లికి అన్న ఆనందబాష్పాలు అని సోమవారం చెప్పాను, మంగళవారం చెప్పాను, బుధవారం చెప్పాను.

గురువారం నర్సింహ ఆఫీసుకు వెళ్లాక నాకు చలిజ్వరం వచ్చింది. రుక్కమ్మ ఉన్న దుప్పట్లన్నీ కప్పింది. వణుకు తగ్గకపోయేసరికి, నా కాళ్ల మీద తనే కూర్చుంది. మనిషి బరువైనది. నేను మంచం దిగలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు.

పొద్దుగుంకే ముందు నర్సింహ వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"నువ్వు గీడున్నవేందిరా? నాకంటె ముందు ఎట్లొచ్చినవ్?"

"యాడికి వోతడు?" అంది రుక్కమ్మ. "పగటీలి సంది వీని కాళ్ల మీదనే కూసున్న. తమ్మునికి పానం బాగలేదు, నువ్వేడ తిరుగుతున్నవ్?"

ఆవిడ వెళ్లాక చెప్పాడు. నేను కథ చెప్పగా అతను ఎన్నడూ వినలేదు. ఊరికి పోయేముందు ఒక్కసారి విందామని ఒక పూట సెలవు పెట్టి, నాకు చెప్పకుండా మధ్యాహ్నం ఆటకు వెళ్లాడు. బల్ల మీద నేనున్నాను. అదే భోంగా, అదే గొంతు. పెట్టె సర్దే చోట నేను ఇలా అన్నానట:

"వీళ్లు అన్నదమ్ములు కారు. ఇంటామెకు గట్ల చెప్పుకున్నరు, గంతే. పెట్టె సర్దేటోడు, పొయ్యేటోని మీద పానం పెట్టుకున్నడు. నోరు తెరిచి చెప్పలేకపోయిండు."

ఆ చిత్రంలో ఇంటావిడ లేదు. వాళ్లకు ఇల్లే లేదు.

శుక్రవారం జ్వరం జారింది. హాలుకు వెళ్లి విచారించాను. గేటు దగ్గరుండే యాదగిరిని అడిగితే, "పక్క దర్వాజల కెల్లి వచ్చిన్రు గద సాబ్. సలాం జేస్తె పలకకపోతిరి. ఏం ఫికరున్నదో అనుకున్న," అన్నాడు. నిన్న రోజూ కంటే తక్కువ మాట్లాడానని, బాగుందని మేనేజరు మెచ్చుకున్నాడు.

అందరినీ అనుమానించాను. సెలవు రోజుల్లో నా బదులు చెప్పే ఆయనకు తెలుగు రాదు. యాదగిరి కల్లు తాగుతాడు గానీ, మేనేజరు తాగడు. రుక్కమ్మ నా కాళ్ల మీద కునుకు తీసి ఉండవచ్చు. అయినా నిద్రపోతే బరువు తగ్గదు గదా. నర్సింహ పరాచికం అనుకుందామంటే, అబద్ధమాడితే అతని చెవులు ఎర్రబడతాయి. గురువారం వాటిని జాగ్రత్తగా చూశాను. చివరికి నన్ను కూడా అనుమానించాను. జ్వరంలో మనిషి నడిచిపోవచ్చు. కానీ గౌలిగూడ నుంచి నాంపల్లికి రుక్కమ్మను మోసుకుని ఎవడూ నడవలేడు.

ఆ బల్ల మీద నిలబడింది ఎవరో ఈనాటికీ నాకు తెలియదు.

ఆ సాయంత్రం నర్సింహ పక్కచుట్ట కడుతున్నాడు. మంచం మీద కూర్చుని నా విచారణంతా వరుసగా వినిపించాను. ఎవరెవరు కాకపోవచ్చో, ఎందుకు కాకపోవచ్చో. అతను తాడు బిగించాడు. మళ్లీ విప్పాడు. నా వైపు తిరిగాడు.

"చెప్పింది ఎవడైతే నాకేందిరా? చెప్పింది నిజమా కాదా, గది చెప్పు."