ఎండిన చెరువులో సాల్మన్ కారు

మా ఆయన సాల్మన్‌కు భయం ఎక్కువ. ఇది చాటుగా చెబుతున్న మాట కాదు, ఆయన ముందే అంటాను, ఆయన నవ్వుతాడు. కోస్గిలో ఒక ప్రైవేటు బడికి బస్సు నడుపుతాడు. పొద్దున బస్సు తీయబోయే ముందు వంగి టైర్ల వెనకాల చూస్తాడు, పిల్లలెవరైనా దూరారేమోనని. చూసి ఎక్కుతాడు, మళ్లీ దిగి చూస్తాడు. మబ్బు పడితే పిడుగు భయంతో ఫోను కట్టేస్తాడు. కాగితాలన్నీ జేబులోనే ఉన్నా పోలీసు బండి ఎదురొస్తే చెమటలు పడతాయి. బాగా భయం వేసిందంటే నోరు పడిపోతుంది, మాటే రాదు. "తాడును చూసినా పామే నీకు" అని మా అత్త బతికినన్నాళ్లూ తిట్టింది. ఆ తిట్లు కూడా నవ్వుతూనే విన్నాడు.

అట్లాంటి మనిషికి రిమోటు కార్ల పిచ్చి ఎట్లా పట్టిందంటే, తెలంగాణ వచ్చిన కొత్తల్లో మహబూబ్‌నగర్‌లో పెట్టిన ఎగ్జిబిషన్లో ఒక కారు కొన్నాడు. మా సుహాసిని కోసమట. సుహాసిని అప్పటికి ఇంకా పాకుతోంది! ఎవరి కోసమో నాకు తెలీదా? అది రెండు రోజులు తిరిగి ఆగిపోయింది. విప్పి చూస్తే బాగుచేయడానికి లోపల ఏమీ లేదు, పారేయడమే. ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపంతో ఫోనులో వీడియోలు చూడ్డం మొదలుపెట్టాడు. అన్నం చల్లారిపోయేది, వీడియో అయ్యేది కాదు.

"గివి వేరేనంట ఎస్తేరు. బొమ్మలు గాదు. చక్రం ఇరిగితే చక్రమే దొరుకుతదంట, మోటరు కాలితే మోటరే దొరుకుతదంట" అన్నాడు ఒకరోజు.

"ఏడ దొరుకుతదంట?"

"హైదరాబాదుల."

హైదరాబాదంటే ఆయనకు భయం, కాబట్టి నేనూ వెళ్లాను. నేను పనిచేసే అంగన్‌వాడీకి సెలవు పెట్టి మరీ! బేగంబజారులో ఒక టోకు సేటు మా మాట సగం విని "ఎన్ని డజన్లు?" అన్నాడు. ఇంకొకాయన రంగురంగుల లైట్లు వెలిగే కారు తెచ్చి ముందర పెట్టాడు, సరిగ్గా మా ఇంట్లో చచ్చిపోయినదే. కోఠిలో కరెంటు సామాన్ల గల్లీలో, కాలేజీ పిల్లలు ప్రాజెక్టుల కోసం మోటార్లు కొనే దుకాణం దగ్గర, ఒక మంచాయన మమ్మల్ని ఎగాదిగా చూసి సికింద్రాబాదులో పైఅంతస్తు మీద ఒక షాపుందని చెప్పాడు. వెళ్లాం. మెట్లు చీకటిగా ఉన్నాయి. "నువ్వు ముందు పో" అన్నాడు మా ఆయన నాతో. వెళ్లాను, ఏం చేస్తాను?

పైన డానిష్ అనే కుర్రాడు కూర్చుని చిన్న స్క్రూడ్రైవరుతో ఒక కారు విప్పుతున్నాడు. గోడ నిండా టైర్లు, పళ్లచక్రాలు, స్ప్రింగులు. మా ఆయన నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. డానిష్ ఓపిక గలవాడు. "కారు పెద్దగున్నదని కొనకు అన్నా, సామాను దొరికేది చూసి కొను. మొదలు జర మెల్లగ పోయేది తీస్కో, చెయ్యి కుదిరినంక స్పీడుది చూద్దం" అన్నాడు. రిమోటు ముందు వేసి ఆ తర్వాతే కారు వేయాలనీ, లేకుంటే కారు దానంతటది పరిగెత్తిపోతుందనీ చూపించాడు. ఆఖర్న బ్యాటరీ చేతిలో పెట్టి గొంతు మార్చాడు. "గిది ఉబ్బిందంటే ఇంట్ల పెట్టకు. చార్జింగు పెట్టి బయటికి పోకు. అంటుకుంటే ఆగదు."

ఇంకేం కావాలి మా ఆయనకు! ఇంటికొచ్చాక వాకిట్లో బ్యాటరీ మీద పాత మట్టి కుండ బోర్లించి, ఇవతల ఇసుక బకెట్టు పెట్టుకుని, అది చార్జింగయ్యేదాకా రెప్ప వేయకుండా కూర్చునేవాడు. మంచినీళ్లకు కూడా లేచేవాడు కాదు. మా బావ బెంజమిన్ పిల్లలు చుట్టూ చేరితే అందర్నీ ఇంట్లోకి తరిమేవాడు. "గంత భయమైతే ఎందుకు తెచ్చినవయ్యా?" అంటే జవాబుండేది కాదు.

జవాబు నాకు చెరువులో దొరికింది. కోస్గిలో నడపడానికి ఆయనకు సిగ్గు. బస్సు డ్రైవరు బొమ్మ కారుతో ఆడుతున్నాడని పిల్లల తల్లిదండ్రులు నవ్వుతారని. అందుకని తనను ఎరిగినవాళ్లు లేని చోటు వెతుక్కుంటూ ఊళ్లు దాటి పోయేవాడు. మా వైపు నేలంతా రాళ్లు, ముళ్లు. ఎండాకాలం ఎండిన చెరువు అడుగే చదునుగా ఉంటుంది. ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు. ఆ కాసేపు ఆయన వేరే మనిషి. ఈల వేస్తాడు! కారు దుమ్ము లేపుకుంటూ మట్టి గడ్డ మీద నుంచి ఎగిరితే "చూసినవా?" అని నా వైపు తిరిగి గట్టిగా అరిచాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన గట్టిగా అరవడం అదే వినడం. ఇక నేను వద్దనలేదు.

ఆ తర్వాత ఆ పాడు ఎండాకాలం వచ్చింది, రెండువేల పద్దెనిమిది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫోన్లనిండా వీడియోలు. ఏ దేశానివో, ఏ కాలానివో, ఎవరో ఏడుస్తుంటారు, కింద మన ఊరి పేరు రాసి ఉంటుంది. తల్లులు అంగన్‌వాడీకి పిల్లల్ని పంపడం మానేశారు. ఊరూరా మగవాళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. బిచ్చమెత్తుకునేవాళ్లను, దారి తప్పినవాళ్లను చావగొట్టారని రోజూ ఒక కబురు. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడింది సాల్మనే. సుహాసినికి ఐదో ఏడు, ఒక్కతే బిడ్డ. పడుకునే ముందు గడియ తీసి పెట్టి, తీసి పెట్టి చూసేవాడు. దొంగలకు మేం భయపడ్డాం గానీ, మమ్మల్ని చూసి ఎవరైనా భయపడతారని మాత్రం మాకు తోచనే లేదు.

మా ఆడపడుచు ఇంట్లో పెళ్లి. చీర కోసమని ముగ్గురం బండి మీద నారాయణపేట వైపు బయలుదేరాం. ఊరి పేరు చెప్పను, ఆ ఊరివాళ్లు కూడా పిల్లలు గలవాళ్లే. ఆ ఊళ్లో ఈదమ్మ అనే ముసలామె ఇంట్లో మగ్గాలున్నాయి, నేరుగా నేసేవాళ్ల దగ్గరే చీర తీసుకోవచ్చని ఎవరో చెప్పారు. ఊరి బయటే చెరువు, పూర్తిగా ఎండి ఉంది. మా ఆయన బండి ఆపేశాడు. కారు పెద్ద సంచిలో ఉంది, తెచ్చాడని నాకు ముందే తెలుసు.

"జరసేపే ఎస్తేరు. నువ్వు చీర చూసొచ్చేసరికి అయిపోతది."

"పిల్లనన్నా నాతో రానియ్యి" అన్నాను. సుహాసిని కారును వదిలి రానని ఏడ్చింది. సరేనని నేనొక్కదాన్నే ఊళ్లోకి నడిచాను.

ఈదమ్మ ఒక చీర కొంగు నా ఒళ్లో పరిచిందో లేదో, ఆమె మనవడు మల్లప్ప ఉరుక్కుంటూ వచ్చాడు. "అవ్వా, చెరువుల దొంగ దొరికిండు! పోరిని సంచిల ఎయ్యబోతుంటే పట్టుకున్నరంట!" మూలనున్న కర్ర తీసుకుని అంతే వేగంగా పోయాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెరువులో ఉన్న పోరి నా బిడ్డే కదా! చెప్పులు కూడా వేసుకోలేదు. పరిగెత్తుతూ సాల్మన్‌ను తిట్టాను, ఆ పిరికి మనిషి ఏం చేస్తున్నాడు, వాణ్ని ఆపలేకపోయాడా, తల పగలగొట్టి పడేశారా అని. యేసయ్యా, యేసయ్యా అంటూనే ఉరికాను. దొంగ దొరికాడన్న మాట గుర్తొచ్చి కొంచెం ధైర్యం కూడా వచ్చింది. పట్టుకున్నారు కదా, పిల్ల దక్కినట్టే అనుకున్నాను.

చెరువు గట్టు దిగితే జనం. ఒకామె చంకలో మా సుహాసిని వెక్కుతోంది. చేతులు చాచాను. ఆమె గిర్రున పక్కకు తిరిగి "ఎవరే నువ్వు?" అంది. కాళ్ల సందుల్లోంచి మా ఎర్ర కారు కనిపించింది, వెల్లకిలా పడి. చక్రాలు ఇంకా జుయ్యిమని తిరుగుతున్నాయి, రిమోటు మీద ఎవరో కాలు పెట్టి నిలబడ్డారు. దాని పక్కన మట్టిలో నేను పొద్దున ఇస్త్రీ చేసిన నీలం చొక్కా. మూతి పగిలి రక్తం. దొంగ మా ఆయనే.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. కారు చప్పుడుకు ఊరి పిల్లలు వచ్చి దాని వెంట ఉరికారట. ఈయన సంతోషంతో ఇంకా దూరం తిప్పాడట. తెలియని మనిషి, పక్కన పెద్ద సంచి, వెంట పిల్లలు. ఎవరో తల్లి చూసి కేక వేసింది. మగవాళ్లు వచ్చి "ఏ ఊరు? ఎవరి కొడుకువు?" అని అడిగితే మా ఆయన నోరు పడిపోయింది. ఎట్లాగో "నా బిడ్డ" అన్నాడట. వాళ్లు సుహాసినిని అడిగారు.

"బిడ్డా, ఈయన నీకేమైతడు?"

"చిన్నాయిన" అంది సుహాసిని.

అది అబద్ధమాడలేదు. మాది కలిసి ఉన్న ఇల్లు. మా బావ పిల్లలు ముగ్గురూ పెద్దవాళ్లు, వాళ్లు మా ఆయనను చిన్నాయిన అంటారు, నన్ను చిన్నమ్మ అంటారు. వాళ్ల నోట విని విని ఇదీ అట్లాగే పిలిచింది. మా బావ దీనికి బాపు, ఆయన భార్య, నా యారాలు, అమ్మ. కన్నవాళ్లమేమో చిన్నాయినా చిన్నమ్మలం! ముద్దుగా ఉందని మేమే దిద్దలేదు. కానీ ఆ చెరువులో ఆ మాటకు ముద్దేముంది? తండ్రినన్నాడు, పిల్ల కాదంది. ఇక కర్రలే మాట్లాడాయి.

"అయ్యా, గాయన నా పెనిమిటి! గది మా బిడ్డ!" అని మీద పడబోయాను. ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు.

"ముఠాల ఆడోళ్లు గూడ ఉంటరంట. గీమె గదే!"

"కోస్గికి ఫోను చెయ్యుండ్రి, మా బావకు చెయ్యుండ్రి!"

"మీ ముఠావాళ్లకేనా?"

చుట్టూ ఫోన్లు లేచాయి, నా మొహం మీదికి. అప్పుడు సుహాసిని నన్ను చూసింది. ఆ చంకలోంచి చేతులు చాచి, గొంతు చించుకుని, "చిన్నమ్మా!" అని అరిచింది.

ఒక్కసారి, ఒక్కసారి అమ్మా అనవే తల్లీ అని లోపల మొత్తుకున్నాను. నోట్లోంచి మాట రాలేదు. సాల్మన్‌కు నోరు పడిపోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లు వెక్కిరించాను ఆ మనిషిని. ఎవరో కర్ర ఎత్తారు. ఆయన తల దాచుకోలేదు, పిల్ల వైపే చూస్తున్నాడు.

"ఆగుండ్రి!" అని ఒక వగర్పు వినిపించింది. ఈదమ్మ. మోకాళ్లు పట్టుకుంటూ గట్టు దిగి వచ్చింది. జనాన్ని తోసుకుని సుహాసిని దగ్గరికి పోయి గడ్డం పట్టుకుంది.

"బిడ్డా, మీ ఇంట్ల ఎవరెవరుంటరు?"

"బాపు, అమ్మ, అన్నలు, అక్క. చిన్నాయిన, చిన్నమ్మ."

"ఎవరి పక్కల పండుకుంటవు?"

"చిన్నమ్మ పక్కల. చిన్నాయిన చెయ్యి మీద తలకాయ పెడ్త."

"జరమొస్తే దవాఖానకు ఎవరు తీస్కపోతరు?"

"చిన్నాయిన."

ఈదమ్మ మనుషుల వైపు తిరిగింది. "మీ నోళ్లల్ల మన్ను వడ! నా పెద్దకొడుకు నన్నేమని పిలిచెటోడురా? చెప్పరేంది! మరుదులు పిలిచినట్టు వదినా అనెటోడు. చచ్చేదాక వదినా అనే పిలిచిండు. గందుకని వాడు నా కడుపున పుట్టలేదా? గీ పోరి తల్లి ఇప్పటిదాక నా ఇంట్ల చీర చూస్తుండె. దొంగతనానికొచ్చినామె చీర బేరం చేస్తదా?" అని మా ఆయన ముందు మట్టిలో కూలబడింది. "కొట్టుండ్రి. నన్ను దాటి కొట్టుండ్రి."

మల్లప్పే ముందు కర్ర దించాడు. ఒకరిద్దరు గొణిగారు గానీ దగ్గరికి రాలేదు. సుహాసినిని ఎత్తుకున్నామె పిల్లను నా చేతుల్లో పెట్టి మొహం తిప్పుకుని ఏడ్చింది. ఎవరు ఫోను చేశారో, కాసేపటికి పోలీసు జీపు వచ్చింది. అది ఆగీ ఆగకముందే మా ఆయన పాక్కుంటూ పోయి దాని మెట్టు పట్టుకున్నాడు.

ఎడమ చెయ్యి విరిగింది. మహబూబ్‌నగర్ దవాఖానలో కట్టు కట్టారు. మేం ఇల్లు చేరకముందే 'దొంగ దొరికాడు' అని మా వీడియో కోస్గి చేరింది. మా బావ ఫోనులోనే భోరుమన్నాడు. బడివాళ్లు మంచివాళ్లు, ఉద్యోగం ఉంచారు. కట్టు విప్పాక మళ్లీ బస్సెక్కాడు. కానీ బస్సు, ఇల్లు, అంతే. ఈల లేదు. సంచి అటక మీద పడి ఉంది. దాన్ని పెంట మీద పారేద్దామని ముందు అనుకున్నది నేనే, ఏడాది తర్వాత కిందికి దించిందీ నేనే. ఆ మౌనం భరించలేకపోయాను.

సికింద్రాబాదు మెట్లెక్కాం. ఈసారి ముగ్గురం. డానిష్ సంచి విప్పి, నలిగిన కారును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమైందన్నా, ఏడికెల్లి పడ్డది గింత గట్టిగ?"

మా ఆయన పెదవులు కదిలాయి, మాట రాలేదు. డానిష్ ఇంకేమీ అడగకుండా స్క్రూడ్రైవరు తీసుకుని, సుహాసినిని చూసి నవ్వాడు. "పాపా, నీ పేరేంది?"

సుహాసిని పేరు చెప్పలేదు. రెండు చేతులతో మా ఆయన వేలు గట్టిగా పట్టుకుని, మేమెవరం నేర్పని మాటలు గబగబా అప్పజెప్పింది.

"ఈయన మా బాపు. నన్ను ఎత్తుకపోతలేడు. కొట్టకుండ్రి."

డానిష్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. "నేనెందుకు కొడ్త బిడ్డా?" అన్నాడు. అయినా సుహాసిని ఆ వేలు వదల్లేదు.