ఒకే కంప్యూటర్, కాలనీ అందరి కుకీలు

కిరందుల్ రైల్వే కాలనీలో ఆన్‌లైన్ సెంటర్ నడిపే రత్నం రోజుకు రెండుసార్లు కీబోర్డు మీది ఎర్ర ఖనిజపు దుమ్మును తడిగుడ్డతో తుడుస్తుంది. ఏ సైటు తెరిచినా ముందు కుకీలకు ఒప్పుకుంటారా అని అడిగే పెట్టె వస్తుంది. రత్నం కళ్లజోడు సర్దుకుని, తెర మీద వేలు జరుపుతూ ప్రతి ముక్కా చదివి, "ఒద్దని నొక్కీమంటావా?" అని ఎదుటి మనిషిని అడుగుతుంది. "నీ సదువయ్యేసరికి పాసింజరెల్లిపోద్దమ్మా" అని వెనకవాళ్లు ఎత్తిపొడుస్తారు. ఆమె తొందరపడదు.

పోయిన ఏడాదే ఆమెకు ఈ అలవాటు పడింది. అప్పటిదాకా ఆమె కూడా చదవకుండానే ఒప్పుకునేది. చర్చిలో పాట ఎత్తుకునే దేవరాజు ఒక మధ్యాహ్నం వచ్చి, కంప్యూటర్‌లో చెవి మిషన్లు చూపించమన్నాడు. "ఎవులికీ సెప్పకమ్మా. ఇనపడదని తెలిస్తే పాట మాన్పించేస్తారు" అన్నాడు. అతను వెళ్లాక పాటల గుంపులోని సుగుణమ్మ రైలు టిక్కెట్టు కోసం కూర్చుంది. తెర పక్కన వరసగా చెవి మిషన్ల ప్రకటనలే వచ్చాయి. చెవి మిషన్ల సైటు కంప్యూటర్‌లో వదిలివెళ్లిన కుకీ అనే గుర్తుకు కుర్చీలో మనిషి మారిన సంగతి తెలియదు. "ఇవేటే రత్నం? ఇందాక దేవరాజు కదా ఇక్కడ కూకున్నాడు?" అంది సుగుణమ్మ. రత్నం, "నాకోసం సూసుకున్నానొదినా. కుడి సెవి పనిసెయ్యటం నేదు" అంది. ఆ ఆదివారం కూడా దేవరాజే పాట ఎత్తుకున్నాడు. సుగుణమ్మ మాత్రం రత్నాన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, బాగా వినపడాలని అతని ఎదురుగా ముందు వరసలో కూర్చోబెట్టింది.